బరువైన గాలి

కొండవారిపాలెం,
మాచవరం మండలం,
18 ఆగస్టు 2024.

శ్రీమతి నీరజ టీచర్ గారికి,

ప్రభావతి నమస్కారాలు. నేను మీకు గుర్తున్నానో లేదో. మాచవరం హైస్కూల్లో తొమ్మిదో తరగతి దాకా మీ పక్కన కూర్చున్న ప్రభావతిని. ఆ వేసవిలోనే మా అమ్మకు, నా తర్వాత పద్నాలుగేళ్ళకు, మగబిడ్డ పుట్టాడు. అమ్మ పొలానికి పోతే బిడ్డను చూసేవాళ్ళు లేక నన్ను బడి మాన్పించారు. అప్పుడు మీరు మా ఇంటికొచ్చి మా నాన్నతో పోట్లాడిన సంగతి నేను మరచిపోలేదు.

నేను ఇదే ఊళ్ళో పదకొండేళ్ళుగా అంగన్‌వాడీ ఆయాగా చేస్తున్నాను. మా టీచరమ్మ వచ్చే ఏడాది రిటైరవుతుంది. ఆ పోస్టుకు పదో తరగతి పాసై ఉండాలి. అందుకని ఓపెన్ స్కూల్లో చేరాను. మా ఆయన త్రికోటేశ్వరరావు "నలభై ఏళ్ళకు నీకీ పరీక్షలేందే" అని నవ్వి, మర్నాడు తనే మాచవరం వెళ్ళి అరడజను పెన్నులు తెచ్చాడు.

తెలుగు, సోషలు చదువుకోగలను. లెక్కలు మా అమ్మాయి చెబుతోంది. సైన్సు దగ్గర బండి ఆగిపోయింది. "వాయువులకు నిర్దిష్ట ఆకారం, నిర్దిష్ట ఘనపరిమాణం ఉండవు" అని బట్టీ పట్టాను. అంటే ఏమిటో తెలియదు. మీరు నరసరావుపేటలో ఫిజిక్స్ చెబుతున్నారని విని, మీ బడి చిరునామాకు రాస్తున్నాను.

ఫోన్ చేయవచ్చు కదా అనుకుంటారేమో. పాతికేళ్ళుగా రిజిస్టర్లో టిక్కులు పెట్టడం తప్ప ఒక వాక్యం రాసి ఎరగను. పరీక్షలో మూడు గంటలు చేత్తో రాయాలి. మీకు ఉత్తరాలు రాస్తే చేయి కూడా తిరుగుతుందని ఆశ.

ఇక్కడ అందరం క్షేమం.

ఇట్లు,
ప్రభావతి


నరసరావుపేట,
29 ఆగస్టు 2024.

ఏమే ప్రభా,

ఇంకోసారి "మీరు", "గారు" అని రాశావంటే ఉత్తరం తిప్పి పంపుతాను. నా లెక్కల నోటు చూసి రాసినదానివి, నాకు మర్యాదలు చేస్తావా?

పాఠంలోకి వద్దాం. నీ అంగన్‌వాడీ పిల్లల్నే చూడు. ప్రార్థనకు భుజం భుజం ఆనించి నిలబెట్టావనుకో, ఎవరూ తమ చోటు వదలరు. ఉన్నచోటే కొంచెం కదులుతారు, అంతే. ఘనపదార్థంలో కణాలు అలా ఉంటాయి. గదిలో ఆడుకోమని వదిలితే ఒకరినొకరు రాసుకుంటూ తిరుగుతారు కానీ గుంపు విడిపోదు. అది ద్రవం. గంట కొట్టి తలుపు తీస్తే? ఎంత చోటుంటే అంత చోటికీ పరుగెత్తుతారు. అది వాయువు.

ఇక పీడనం. మీ ఆయన మిరపకు మందు కొట్టేటప్పుడు స్ప్రేయర్ లివర్ ఆడిస్తాడు కదా. మొదట తేలిగ్గా ఆడుతుంది, కొన్ని దెబ్బలయ్యాక చేతికి ఎదురు తిరుగుతుంది. లోపల ఇరుకైన గాలి కణాలు గోడలను గుద్దుతుంటాయి. ఆ గుద్దుడే వాయు పీడనం. ఎన్ని కణాలు ఎంత ఇరుకులో ఉంటే అంత గట్టిగా గుద్దుతాయి.

సాంద్రత నువ్వే చెప్పాలి. విడి పత్తి ఒక బస్తా, అంతే బరువున్న పత్తిని జిన్నింగ్ మిల్లులో బిగించిన బేలు. రెండింటిలో ఏది తక్కువ, ఏది ఎక్కువ, ఏది సమానం? పుస్తకం చూడకుండా నీ మాటల్లో రాయి.

నాకు ఇద్దరు పిల్లలు, రెండు పూటలా బడి, తెల్ల వెంట్రుకలు. మిగతావి తర్వాత.

నీరజ


కొండవారిపాలెం,
20 అక్టోబర్ 2024.

నీరజా,

ఆలస్యానికి కారణం పత్తి. మొదటి తీత ఇప్పుడే ఇంటికి వచ్చింది. రాకముందు ఎలా రాస్తాను? చూసి రాయాలనుకున్నాను.

గోతంలో పత్తి నింపి మూతి దగ్గర గీత పెట్టాను. తర్వాత మా ఆయన్ని ఎక్కి తొక్కమన్నాను. "ఇదేం చదువే" అంటూనే తొక్కాడు. పత్తి గోతంలో సగానికి దిగింది. దూది ఒక్క పువ్వు తగ్గలేదు. అంటే ద్రవ్యరాశి సమానం. ఘనపరిమాణం సగమైంది. కాబట్టి సాంద్రత రెండింతలైంది. ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగించడం అంటే ఏమిటో నాకు గోతంలో కనపడింది. సరేనా?

ఇప్పుడు నాదొక ప్రశ్న. మొన్న మాకు శిక్షణలో, వంట గ్యాసు లీకైతే అది గాలి కంటే బరువు కనుక నేల మీద పరుచుకుంటుందని చెప్పారు. ఆ గ్యాసు కాకపోయినా, గాలి కంటే బరువైన వాయువు ఏదైనా ఒక లోతైన గుంతలో చేరితే అక్కడే ఉంటుందా? పైన మూత లేకపోయినా? ఎన్నాళ్ళు ఉంటుంది? దానికి రంగు, వాసన ఉంటాయా? అందులోకి వెళ్ళిన మనిషికి తెలుస్తుందా? వాయువు ఎంత చోటుంటే అంతటికీ పరుగెత్తుతుందని నువ్వే రాశావు. మరి గుంతలోంచి పైకెందుకు పరుగెత్తదు?

ఇది నాకు కావాలి. తొందరగా రాయి.

ప్రభావతి


నరసరావుపేట,
3 నవంబర్ 2024.

ప్రభా,

పత్తి జవాబు చక్కగా ఉంది. పరీక్షలో కూడా ఇలాగే రాయి, ప్రమాణాలు మాత్రం మరచిపోకు.

నువ్వడిగిన రెండో ప్రశ్న పరీక్షకు రాదు. అది కాస్త పెద్ద విషయం, సిలబస్ అయ్యాక చూద్దాం. ముందు తేలడం, మునగడం, ఉత్ప్లవన బలం పూర్తి చెయ్యి. ముఖ్యమైన ప్రశ్నలు ముప్ఫై రెండు రాసి దీనితో పంపుతున్నాను. ఇవి వస్తే పాసైపోతావు.

మా బడిలో పరీక్షల పని ఎక్కువగా ఉంది. క్లుప్తంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకు.

నీరజ


కొండవారిపాలెం,
24 నవంబర్ 2024.

నీరజా,

నీ ప్రశ్నల జాబితా అందింది. నేను అడిగింది అది కాదు.

నువ్వు మూడు నెలల్లో మా ఆయన గురించి, అంగన్‌వాడీ పిల్లల గురించి, పత్తి గురించి రాశావు. మా తమ్ముడి గురించి ఒక్కసారీ అడగలేదు. వాడి కోసం నన్ను బడి మాన్పిస్తే మా నాన్నతో పోట్లాడినదానివి. కాబట్టి నీకు తెలిసే ఉండాలి. తెలిసినా ఒకసారి నా చేత్తో రాస్తాను.

మా అమ్మ పొలంలో పాత బావి ఉంది. పది బారల లోతు. బోరు వేశాక రెండేళ్ళు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పత్తి కట్టె, మిరప కట్టె అందులోనే పడేసేవాళ్ళం. 2022 మే నెలలో బోరు ఎండిపోయింది. బావిలో అరుగు మీదున్న పాత మోటారు పైకి తీసి బాగుచేయిస్తే, అడుగున ఉన్న నీళ్ళయినా తోడుకోవచ్చనుకున్నాం. తమ్ముడు వెంకట సాయి ఇవాళ రేపు అంటూ వారం గడిపాడు. ఆ పొద్దున నాకు ఒళ్ళు మండింది. "నీతో అయ్యే పని కాదులే, నేనే దిగుతా" అన్నాను.

"నువ్వు దిగితే బావి పూడిపోద్దక్కా" అని నవ్వి, లుంగీ ఎగ్గట్టి దిగాడు.

ఆరు బారల కింద అరుగు. అక్కడికి చేరి, "ఇక్కడ చానా చల్లగా ఉందక్కా" అన్నాడు. తర్వాత ఏదో తాడు ముడి వేయడానికన్నట్టు కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. పిలిస్తే పలకలేదు. మా ఆయన నడుముకు తాడు కట్టుకుని దిగాడు. సగంలో కాళ్ళు తేలేశాడు. నేనూ ఇంకో ఇద్దరూ కలిసి పైకి లాగాం. ఫైర్ వాళ్ళు వచ్చి సాయిని తీసేసరికి మధ్యాహ్నమైంది. ఒంటి మీద ఒక్క గాయం లేదు. బట్ట తడవలేదు. ఇరవై నాలుగేళ్ళు వాడికి.

పోస్టుమార్టం కాగితంలో "ఊపిరాడక" అని ఉందట. ఎందుకు ఊపిరాడలేదో ఎవరూ చెప్పలేదు. బావి మనిషినడిగిందని ఊరంతా అన్నారు. మా అమ్మ కొండమ్మ మాత్రం శవం ముందు కూర్చుని, "నా బిడ్డను బావి మింగలా, దీని నోరు మింగింది" అంది. అప్పటి నుంచి నా గడప తొక్కలేదు. రెండు వీధుల అవతలే ఉంటుంది. ఎదురుపడితే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంటుంది.

నాకు ఉద్యోగం కావాలి, అబద్ధం కాదు. కానీ ఆ పుస్తకం తెరిచింది దీనికోసం. ఆ రోజు బావిలో ఏముంది నీరజా? నువ్వు తెలిసి కూడా దాటేస్తున్నావని నాకనిపిస్తోంది.

ప్రభావతి


నరసరావుపేట,
15 డిసెంబర్ 2024.

ప్రభా,

మూడు ఉత్తరాలు రాసి చించేశాను. ఇది పోస్టు చేస్తాను.

ముందు నీ ప్రశ్నకు జవాబు. బావిలో పడేసిన కట్టె, ఆకు రెండేళ్ళు కుళ్ళింది. కుళ్ళేటప్పుడు అది గాలిలో ఉన్న ఆక్సిజన్‌ను వాడుకుని కార్బన్ డై ఆక్సైడ్‌ను వదులుతుంది. ఒక లీటరు గాలి బరువు గ్రామున్నర కంటే తక్కువ. అదే లీటరు కార్బన్ డై ఆక్సైడ్ దగ్గర దగ్గర రెండు గ్రాములు. ఒకటిన్నర రెట్లు సాంద్రత. అందుకని అడుగున చేరుతుంది. వాయువు పైకి పరుగెత్తదా అని అడిగావు. పరుగెత్తుతుంది, చివరికి అన్ని వాయువులూ కలిసిపోతాయి. కానీ గాలి కదలని లోతైన బావిలో ఆ కలవడం చాలా నెమ్మది. ఈలోపు కింద కుళ్ళు కొత్తది తయారు చేస్తూనే ఉంటుంది. అందువల్ల పైన ఆకాశం తెరిచే ఉన్నా నెలల తరబడి అక్కడే ఉండగలదు. ఇలాంటి బావుల్లో ఇంకా ప్రమాదమైన వాయువులు కూడా ఉండవచ్చు. ఆ రోజు ఏది ఎంత ఉందో కొలిచినవాళ్ళు లేరు కనుక నేను ఖాయంగా చెప్పలేను. కానీ నువ్వు రాసినదాన్ని బట్టి నాకు అనుమానం లేదు. రంగు లేదు. వాసన ఉండాలని లేదు. ఆక్సిజన్ బాగా తక్కువైన గాలి రెండు మూడుసార్లు పీల్చేసరికి స్పృహ పోతుంది. మనిషి అరవడానికి కూడా వ్యవధి ఉండదు. నీ మాటకూ దీనికీ సంబంధం లేదు. నువ్వు ముద్దుగా పంపినా, వాడంతట వాడే దిగినా, అదే జరిగేది.

ఇప్పుడు నా సంగతి.

ఇంట్లో నీతో చెప్పాడో లేదో, వెంకట సాయి 2012లో మాచవరంలో నా తొమ్మిదో తరగతి విద్యార్థి. నీ తమ్ముడని తెలుసు. నీ ముక్కే వాడిది. సాంద్రత పాఠం చివర ఒక చిన్న ప్రయోగం నేను నోట్సులో రాయించాను. గ్లాసులో వంటసోడా, నిమ్మరసం కలిపితే వచ్చే వాయువును వెలుగుతున్న కొవ్వొత్తి మీదికి నీళ్ళలా వంచడం. సాయి లేచి నిలబడి, "టీచర్, చేసి చూద్దాం. నిమ్మకాయలు మేం తెస్తాం" అన్నాడు. నాకు సిలబస్ తొందర. "అది పరీక్షకు రాదు, కూర్చో" అన్నాను. కూర్చున్నాడు.

2022లో పేపర్లో వాడి ఫొటో చూశాను. రెండు వాక్యాలు చదవగానే ఏం జరిగిందో అర్థమైంది. మీ ఇంటికి రావాలని ఒకరోజు బస్టాండు దాకా వెళ్ళి తిరిగొచ్చాను. నీ ఉత్తరం వచ్చినప్పుడు, నిన్ను పాస్ చేయించి నా మనసు తేలిక చేసుకుందామనుకున్నాను. తీరా నువ్వు ఆ ప్రశ్న అడిగితే నీకూ అదే రాశాను: పరీక్షకు రాదని. పోస్టు చేసి ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, ఆ మాట నేను ముందెవరితో అన్నానో.

నువ్వు ఇకమీదట రాయకపోయినా నాకు అర్థమవుతుంది. రాస్తే మాత్రం, అడిగిన ఏ ప్రశ్ననూ దాటవేయను.

నీరజ


కొండవారిపాలెం,
26 జనవరి 2025.

నీరజా,

రెండు వారాలు నీ మీద కోపంతో ఉన్నాను. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. నీ ఉత్తరం పప్పు డబ్బాల వెనక పెట్టి, వంట చేస్తున్నంతసేపూ దాన్నే తిట్టాను.

తర్వాత ఇలా అనుకున్నాను. నువ్వు పాఠం దాటేశావు. నేను తొందరపెట్టాను. కట్టె బావిలో పడేయమన్నది మా అమ్మ. మా ఆయన మోటారు అరుగు మీద వదిలేశాడు. ఇలా వెతుక్కుంటూ పోతే ఊళ్ళో సగం మంది తేలుతారు. ఇన్నేళ్ళూ నేను ఒక్కదాన్నే మోశాను, ఇప్పుడు నువ్వూ ఒక మూల పట్టుకుంటానంటున్నావు. మోసి ఎక్కడికి తీసుకుపోతాం? నాకిక మోయాలని లేదు.

సంక్రాంతి సెలవులయ్యాక అంగన్‌వాడీ వంటగదిలో ఆ ప్రయోగం చేశాను. లోతు గిన్నెలో సోడా, నిమ్మరసం. నురుగు తగ్గాక గిన్నెను కొవ్వొత్తి మీదికి వంచాను, రసం ఒలకకుండా. కంటికి ఏమీ కనపడలేదు. మంట మాత్రం చేత్తో నలిపినట్టు ఆరిపోయింది.

నన్ను తీసుకుపోవడానికి వచ్చిన మా ఆయన గుమ్మంలో నిలబడి చూశాడు. "ఇంకోసారి చెయ్యి" అన్నాడు. చేశాను. మూడోసారి తనే వంచాడు. ఆరిపోయింది. అక్కడే పిల్లల చాప మీద కూర్చుండిపోయాడు.

"ఆ రోజు నా మోకాళ్ళల్లో సత్తువ పోయింది ప్రభా. భయంతోనే పోయిందనుకున్నా. బామ్మర్ది కళ్ళ ముందు పడుంటే అందుకోలేకపోయిన పిరికోణ్ణి అనుకున్నా ఇన్నాళ్ళూ" అన్నాడు.

ఈ మూడేళ్ళూ నా పక్కనే పడుకున్న మనిషి. ఈ మాట నాకు తెలియదు. ఇద్దరం చాలాసేపు ఏడ్చాం. అందుకైనా నీకు రాయాలనిపించింది.

ఇంకొకటి. ఇప్పుడు అమ్మ పొలం చేస్తున్న మా చిన్నాన్న కొడుకు నవీన్ ఈ వేసవిలో ఆ బావి పూడిక తీయిస్తాడని వింటున్నాను. దిగేముందు లోపలి గాలి మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి? ఒక్కటి కూడా వదలకుండా రాయి.

ప్రభావతి


నరసరావుపేట,
2 ఫిబ్రవరి 2025.

ప్రభా,

నువ్వు రాశావు, అది చాలు. నేరుగా పనిలోకి వస్తాను. ఇక్కడి ఫైర్ స్టేషన్‌కు వెళ్ళి అడిగి మరీ రాస్తున్నాను.

వెలిగించిన లాంతరును తాడుతో అడుగుదాకా దించాలి. ఆరిపోతే ఎవరూ దిగకూడదు. కానీ ఆరకపోయినంత మాత్రాన దిగవచ్చని కాదు. ఇది బాగా గుర్తుంచుకో. మంటకు సరిపోయిన గాలి మనిషికి సరిపోకపోవచ్చు, మంటకు తెలియని విషవాయువులూ ఉంటాయి. ఒక్కోసారి కింద మండే వాయువు ఉంటే లాంతరే ప్రమాదం, కాబట్టి దించేటప్పుడు ఎవరూ బావి మీదికి వంగకూడదు. ఖాయంగా చెప్పేది మీటరు ఒక్కటే. అది ఫైర్ వాళ్ళ దగ్గర ఉంది, 101కి ఫోన్ చేస్తే వస్తారు. డీజిల్ ఇంజన్ బావిలో దించనివ్వకు, దాని పొగ కూడా విషమే. లోపల ఎవరైనా పడిపోతే వెనకే ఇంకొకరు దిగకూడదు, ఎంత దగ్గరివాళ్ళయినా సరే.

నీ హాల్ టికెట్ వచ్చిందా? సైన్సు పరీక్ష రోజు సెలవు పెట్టి నీకు తోడు రానా?

నీరజ


కొండవారిపాలెం,
25 మార్చి 2025.

నీరజా,

నిన్న సైన్సు పరీక్ష. నేను రాయలేదు.

మిగతావన్నీ రాశాను. నిన్న పొద్దున ఏడున్నరకు హాల్ టికెట్, రెండు పెన్నులు సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాను. అమ్మ పొలం మలుపు దగ్గరకొచ్చేసరికి బావి మీద మూడు కాళ్ళ కొయ్య, గిలక, మనుషులు కనపడ్డారు. బావి గట్టున కోడి ఈకలు, పసుపు, కుంకుమ. కృష్ణా నది అవతలి నుంచి వచ్చిన ఇద్దరు కూలీల్లో ఒకాయన నడుముకు తాడు కట్టుకుంటున్నాడు. ఆటో ఆపమన్నాను. డ్రైవర్ "పరీక్షకు టైమైపోద్దక్కా" అంటూనే ఉన్నాడు.

"లాంతరు దించి చూడకుండా దింపబాకు నవీన్" అన్నాను.

"బలి ఇచ్చాం, ఇంక భయమేముందక్కా? నువ్వు పరీక్షకు పో."

"బలితో గాలి మారదు. కింద బరువైన గాలి ఉంటది, అది మనిషిని చంపుద్ది."

"గాలికి బరువేంది? పదో తరగతి కూడా పాసవలా, నువ్వు మాకు పాఠం చెప్పేదేంది?"

అందరూ నవ్వారు. నాకు కోపం రాలేదు, ఆశ్చర్యంగా. "పాసవలా. ఈ ఒక్క పాఠం మాత్రం నాకొచ్చు" అని, చుట్టగా పడి ఉన్న తాడు మీద కూర్చున్నాను. పరీక్షకు కట్టుకున్న కొత్త చీర. లేపడానికి నవీన్ నా భుజం మీద చెయ్యి వేశాడు.

అప్పుడు వెనక నుంచి వినపడింది. "దాన్ని కూసోనీరా. లాంతరు దించండి."

మా అమ్మ. నన్ను చూసి చెప్పలేదు, బావిని చూస్తూ చెప్పింది.

పంపుసెట్టు గదిలోంచి లాంతరు తెచ్చారు. అందరినీ వెనక్కి జరిపి దించాను. నాలుగు బారలు దిగిందో లేదో ఆరిపోయింది. గాలికి ఆరిందన్నాడు నవీన్. మళ్ళీ వెలిగించాం. మళ్ళీ అక్కడే ఆరింది. తాడు కట్టుకున్నాయన ముడి విప్పేశాడు. "అన్నా, మేం దిగం. దీపమే బతకనికాడ మేమెట్ల బతుకుతం?"

నవీన్ పట్టు వదల్లేదు. గాలి కదిలితే చాలని ఇరవై బిందెల నీళ్ళు బావిలో కుమ్మరించాడు. ఈసారి లాంతరు ఆరు బారల దాకా వెలిగింది. "ఇప్పుడేమంటావు?" అన్నాడు. వెలిగినా చాలదని, నీ ఉత్తరంలో ఉన్నదున్నట్టు చెప్పి 101కి ఫోన్ చేశాను. అప్పటికి పది కావచ్చింది. పరీక్ష మొదలైపోయింది. కూలీలు మనసు మార్చుకుంటారేమోనని నేను మళ్ళీ తాడు మీద కూర్చుని లేవలేదు.

ఫైర్ వాళ్ళు పదకొండింటికి వచ్చారు. మీటరును తాడుతో దించారు. అరుగు దగ్గరకు చేరగానే అది కీచుమని మోగడం మొదలుపెట్టింది. అడుగుదాకా ఆగకుండా మోగింది. పెద్దాయన అంకె చూసి, "ఇందులో దిగినవాణ్ణి మేం శవంగానే తీసేవాళ్ళం" అన్నాడు. నవీన్ మొహం పాలిపోయింది. వాడూ చెడ్డవాడు కాదు నీరజా, తోట ఎండిపోతున్న తొందర. ఫ్యానుకు పొడుగు గొట్టం పెట్టి రెండు రోజులు గాలి కొట్టి, మళ్ళీ కొలిచాక చూద్దామన్నారు.

అమ్మ అంతా విన్నది. తర్వాత ఇంటికి వెళ్ళిపోయింది.

నేను చేతులు కడుక్కుని, సంచిలోంచి హాల్ టికెట్ తీసి చూసుకున్నాను. బాధ లేదని చెప్పను. మళ్ళీ ఎప్పుడు పెడతారో కనుక్కో. రాస్తాను.

ప్రభావతి


నరసరావుపేట,
6 ఏప్రిల్ 2025.

ప్రభా,

నీ ఉత్తరం స్టాఫ్ రూములో నిలబడే చదివాను. పక్కన ఉన్న లెక్కల మాస్టారు కంగారుపడి మంచినీళ్ళు ఇచ్చారు.

సప్లిమెంటరీ వేసవి చివర ఉంటుంది. నీ సైన్సు ఫీజు దరఖాస్తు ఇక్కడి నుంచే పంపిస్తాను, సంతకానికి కాగితం జతచేశాను.

నిన్న మా తొమ్మిదో తరగతికి ఆ ప్రయోగం చేయించాను. సిలబస్ అయిపోయాక ఇదేమిటని హెడ్మాస్టరు గారు అడిగారు. నీ ఉత్తరం ఆయన చేతికిచ్చాను. చదివి, వచ్చే ఏడు నుంచి పదో తరగతికి కూడా చేయించమన్నారు. యాభై ఆరు మంది పిల్లలు ఒక్కొక్కరూ గిన్నె వంచారు. ఎవరి పొలంలో పాత బావి ఉందో చేతులెత్తమంటే పందొమ్మిది చేతులు లేచాయి. ఇకమీద నేను ఎక్కడ పనిచేసినా ప్రతి ఏడూ ఇది జరుగుతుంది.

వచ్చే ఆదివారం మీ ఊరొస్తున్నాను. ఈసారి బస్టాండు నుంచి తిరిగిపోను. మీ అమ్మను కలిసి, నేను చెప్పాల్సింది చెప్పాలి.

నీరజ


కొండవారిపాలెం,
6 జూలై 2025.

నీరజా,

ఫలితం ఫోన్లో చెప్పాను కనుక నీకు తెలుసు. సైన్సులో అరవై నాలుగు. మా అమ్మాయికి టెన్త్ సైన్సులో వచ్చింది అరవై ఒకటే, ఇంట్లో నా నోటికి అడ్డు లేకుండా పోయింది. టీచరు పోస్టుకు కాగితాలు ఇచ్చాను. వస్తుందో లేదో తెలియదు. ఈలోపు ఓపెన్ ఇంటర్లో చేరుతున్నాను. ఫిజిక్స్ తీసుకుంటాను. కష్టమని మాత్రం రాయకు.

ఫోన్లో చెప్పనిది ఒకటుంది. రాయాలనే అట్టిపెట్టాను.

ఏప్రిల్లో నువ్వు వచ్చినప్పుడు అమ్మ తలుపు తీయలేదు కదా. నువ్వు అరుగు మీద కూర్చుని, మూసిన తలుపుతోనే అంతా చెప్పి వెళ్ళావు. అమ్మ అప్పుడు తలుపుకు ఆనుకునే కూర్చుని ఉందట. పోయిన నెలలో ఒక మధ్యాహ్నం, పిల్లలు వెళ్ళిపోయాక, అంగన్‌వాడీ గుమ్మంలో నిలబడింది.

"ఆ దీపం ఆర్పేదేదో నాకూ చూపియ్యి" అంది.

చేసి చూపించాను. మంట ఆరింది. గిన్నె తీసుకుని లోపల వేలు పెట్టి తడిమింది. మొహం దగ్గర పెట్టుకోబోతే ఆపాను. వత్తి పొగను చూస్తూ కూర్చుంది.

"వాడికి నొప్పి తెలిసిందా?" అని అడిగింది.

మూడేళ్ళు ఆమె నాతో మాట్లాడకుండా లోపల దాచుకున్నది ఈ ప్రశ్న. నువ్వు రాసింది గుర్తు తెచ్చుకున్నాను. "లేదమ్మా. చల్లగా ఉందక్కా అన్నాడు. కూర్చున్నాడు. అంతే. పిలవడానికి కూడా టైం లేదు" అన్నాను.

"నా చేత్తో ఎన్ని మోపుల కట్టె ఏశానో అందులో" అంది. ఆ సంగతి నేను ఎత్తలేదు, తనే అంది. తెలియక వేశామని చెప్పాను. తల ఊపింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. అన్నం తిన్నావా అని అడిగాను. "పెట్టు" అంది. పిల్లల కంచంలో, పిల్లల బెంచీ మీద కూర్చుని తింది. నన్ను ఏమీ అనలేదు, క్షమించమనీ అనలేదు. కంచం తనే కడిగి బోర్లించి వెళ్ళింది. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చింది.

పోయిన బుధవారం పక్క ఊళ్ళో ఎవరో పాత బావి బాగుచేయిస్తున్నారని మా వీధిలో ఉండే హజ్రా బీ వచ్చి చెప్పింది. నేను ఫోన్ చేద్దామంటే అమ్మ వినలేదు. "ఫోన్లో చెబితే ఇంటారా? పద" అంది. ఆటోలో వెళ్ళాం. బావి చుట్టూ ఏడెనిమిది మంది ఉన్నారు. ఒకాయన అప్పటికే మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. నేను నోరు తెరిచేలోగా అమ్మ వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది.

"అయ్యా, నేను కొండవారిపాలెం కొండమ్మను. నా కొడుకు ఇట్టాంటి బావిలోనే పోయాడు. దయ్యం కాదు, గంగ కాదు. ఆకూ అలమూ కుళ్ళితే బరువైన గాలి పుడద్ది. మన గాలి కంటే బరువు. అందుకని అడుగునే కూసుంటది, నీళ్ళు నిలబడ్డట్టు. కంటికి కనపడదు. ఫైరోళ్ళ కాడ మీటరుంటది, అది దించినాకే దిగు. అందాక నీ చెయ్యి వదల్ను."

ఆయన కాలు వెనక్కి తీశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే అమ్మను ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. అన్నింటికీ సరిగ్గానే చెప్పింది. నేను పక్కన నిలబడి ఫోన్ తీసి 101 నొక్కాను. నాకు చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు.

నీ
ప్రభ